శుభలేఖలో కోసిన కిటికీ

మొన్న బుధవారం పోస్టులో ఒక శుభలేఖ వచ్చింది. పెళ్ళి ఎవరిదో చూడకముందే అట్టను రెండు వేళ్ళ మధ్య పెట్టి మందం చూశాను. మంచి అట్ట. వంచితే విరగదు, చెమట తగిలితే ఉబ్బదు. కత్తెర కోసం సొరుగు వెతుకుతుంటే మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి చూసింది.

"పెళ్ళికొడుకు పేరు సూడకుండా అట్ట పిసుకుతారేటండీ? ముందు ముహూర్తం ఎప్పుడో సూడండి."

ముహూర్తానికి ఇంకా పదిరోజులుంది. కానీ ఆ మాటతో నా చెయ్యి ఆగిపోయింది. ఈ అట్టలు తీసుకునే మనిషి పోయి అప్పటికి తొమ్మిది రోజులు. పదేళ్ళుగా అలవాటు పడ్డ చెయ్యి, దానికింకా కబురు అందినట్టు లేదు. సొరుగు మూసి కుర్చీలో కూలబడ్డాను. ఏడుపొచ్చింది. అరవై ఆరేళ్ళ వాణ్ణి, చెప్పుకోడానికి సిగ్గు లేదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చివర్లో చెబుతాను. అయినా మా బళ్ళో పేరుతో పిలిచినవాళ్ళు ఎవరు? పిల్లలకి అట్టల మేడమ్, మాకు మేడమ్. అంతే.

మా మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలందరికీ కలిపి ఆవిడ ఒక్కతే టీచరు. వినపడని పిల్లలు, చూపు ఆనని పిల్లలు, నడవలేని పిల్లలు. అన్నీ ఉండి కూడా అక్షరం దగ్గర కాళ్ళు తడబడే పిల్లలు. రోజుకో బడి తిరిగేది. మంగళవారం, శుక్రవారం మా హైస్కూలు వంతు. మా ఊరు నౌపడ ఉప్పుమళ్ళను ఆనుకుని ఉంటుంది. పాసింజరు బండి దిగి, భుజాన గోనెసంచి, చేతిలో మగవాళ్ళ గొడుగుతో, మళ్ళ గట్టు మీద నడిచి వచ్చేది. వస్తూ దారిలో పనివాళ్ళతో మాట్లాడే మాటలు మాకు స్టాఫ్‌రూములోకి వినపడేవి. అంత గొంతు ఆవిడది.

ఆ గొంతుకో కథ ఉంది. పుట్టింది నెల్లిమర్లలో. తండ్రికి పుట్టుచెవుడు. ఇంటిల్లిపాదీ ఆయనకు వినపడేట్టు మాట్లాడి మాట్లాడి అదే గొంతు స్థిరపడిపోయిందట. "మా ఇంట్లో రహస్యం సెప్పుకోవాలంటే వీధి తలుపూ, పెరటి తలుపూ రెండూ ఏసుకోవాలి మాస్టారూ" అనేది. ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడగా నేను విన్నది ఒక్కసారే. ఆ సంగతీ చెబుతాను.

ఆవిడ దగ్గర 'పాపం' అనే మాట చెల్లదు. ఏ పిల్లను చూసైనా ఎవరైనా పాపం అన్నారో, మర్నాడు ఒక శుభలేఖ తెచ్చి ఇవ్వాలి. ఇది స్టాఫ్‌రూములో చట్టం. మొదట్లో నేనే ఎక్కువ తెచ్చాను. ఆ శుభలేఖల్ని పుస్తకం వెడల్పుకి కత్తిరించి, మధ్యలో ఒక్క లైను పట్టేంత సన్నటి కిటికీ కోసేది. ఆ అట్టను పేజీ మీద పెడితే ఒక లైను కనపడుతుంది, మిగతావన్నీ దాక్కుంటాయి. చదివాక కిందికి జరుపుకోవాలి.

"లైన్లన్నీ ఒక్కసారే మీద పడితే బెదిరిపోయే పిల్లలు ఉంటారు మాస్టారూ. వాళ్ళ కోసం ఒక్కొక్క లైన్నే లోపలికి రమ్మనాలి" అని చెప్పేది.

పెళ్ళిళ్ళకి పిలిస్తే వెళ్ళి, భోజనం చేసి, మిగిలిపోయిన శుభలేఖల కట్ట అడిగి పట్టుకొచ్చేది. మా ఊళ్ళో ఒక పెళ్ళికూతురి తండ్రి ఈవిడేదో చేతబడి చేస్తోందని హడలిపోయాడు కూడా. ఆయనకు అక్కడికక్కడే ఒక కిటికీ కోసి చూపించింది.

రెండో చట్టం ఇరవై లెక్క. చదువుతున్న పిల్ల ఒక మాట దగ్గర ఆగిపోతే మాస్టారు నోరు మూసుకుని మనసులో ఇరవై దాకా లెక్కపెట్టాలి. ఆలోగా అందించకూడదు. "అందిస్తే ఆ మాట మీదయిపోతాది. దాని మాట దాన్నే తెచ్చుకోనివ్వండి" అనేది. నా వల్ల ఆరు దాటేది కాదు. ఆరంటే ఆరు. నోట్లో మాట నిలవదు నాకు. నేను తెలుగు మాస్టర్ని, అందించడమే నా ఉద్యోగం అనుకునేవాణ్ణి. ఆవిడ వెనక బెంచీలో కూచుని నా పెదాలు కదలగానే గొడుగుతో నేలమీద ఒకటి కొట్టేది.

ఇప్పుడు గౌరి సంగతి. ఇది చెప్పకపోతే మేడమ్ గురించి ఏం చెప్పినా లెక్కలోకి రాదు.

గౌరి తల్లి సింహాచలం ఉప్పుమళ్ళలో కూలి. మా వైపు ఆడవాళ్ళకీ ఆ పేరు పెడతారు. తండ్రి లేడు. గౌరి పదో తరగతి. నా క్లాసులో అందరికంటే బాగా చదివే పిల్ల. చదవడమంటే, పైకి చదవడం. నా పద్ధతి ఏమిటంటే, ముందు నేను గొంతెత్తి చదువుతాను, పిల్లలు వెనక అంటారు. రెండుమూడుసార్లు అయ్యాక ఒక్కొక్కర్ని లేపి చదివిస్తాను. నా గొంతంటే నాకు మమకారం. ఆ మమకారమే నన్ను ముంచింది.

అప్పటి వాచకంలో ఒక పాఠం ఉండేది. వేటకెళ్ళిన పడవ రాక, ఒడ్డున జనం ఎదురుచూస్తూ ఉంటారు. కొత్త అచ్చులో అందులోంచి రెండు పేరాలు తీసేశారు. పాఠానికి ప్రాణం ఆ రెండే. తీసేసిన పెద్దమనిషి ఏనాడూ ఒడ్డున నిలబడి ఉండడు అని నేను క్లాసులోనే తిట్టి, నా పాత పుస్తకంలోంచి ఆ రెండు పేరాలూ చదివేవాణ్ణి. పిల్లలు వెనక అనేవారు. ఒంటరిగా లేపితే మాత్రం తమ పుస్తకంలో ఉన్నంతే చదివి దాటిపోయేవారు.

ఉపాధ్యాయ దినోత్సవానికి పఠనం పోటీ పెట్టాను. గౌరి లేచింది. పుస్తకం ఎదురుగా పట్టుకుని, ఆ పాఠం చదువుతూ, తీసేసిన రెండు పేరాలు కూడా చదివేసింది. ఒక్క మాట తప్పలేదు. నా కళ్ళమ్మట నీళ్ళు. ఈ పిల్ల నా మాట విని ఆ పేరాలు రాసుకుని దాచుకుంది, ఇంత ప్రేమ ఎవరికుంటుంది అనుకున్నాను. మొదటి బహుమతి స్టీలు టిఫిను డబ్బా. తల్లిని పిలిపించి అందరి ముందు చెప్పాను, "నీ కూతురంత బాగా చదివే పిల్ల ఈ బళ్ళో లేదు" అని. సింహాచలం ఆ డబ్బాని చీరకొంగుతో తుడిచి తుడిచి పట్టుకుంది.

దసరా సెలవులయ్యాక ఒక మంగళవారం మేడమ్ వెనక బెంచీలో కూచుంది. గౌరి అదే పాఠం మళ్ళీ చదివింది. గంట కొట్టాక ఆవిడ నన్ను స్టాఫ్‌రూములోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. అప్పుడు గొంతు తగ్గించింది. ఆ తగ్గించడం చూసి నాకు భయమేసింది.

"మాస్టారూ, గౌరి సదివిన ఆ రెండు పేరాలూ దాని పుస్తకంలో లేవు."

"తెలుసు. రాసుకుని ఉంటుంది."

సంచిలోంచి గౌరి వాచకం తీసి ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టింది. ఎక్కడా పెన్ను గీత లేదు. అతికించిన కాయితం లేదు.

"పక్క పిల్లని సూసి పేజీ తిప్పతన్నాది. మీ గొంతంతా దాని సెవుల్లో ఉన్నాది. ఒకచోట మీరు గొంతు సవరించుకుంటారు సూడండి, సరిగ్గా అక్కడే అదీ సవరించుకుంటాది."

ఆ వెంటనే కోపం వచ్చింది. "అయితే ఇన్నాళ్ళూ నన్ను మోసం చేసిందా?"

"మోసమేటి మాస్టారూ. రెండుసార్లు విని అంత పాఠం అప్పజెప్పడం మీ వల్ల అవుతాదా, నా వల్ల అవుతాదా? సదవడం రాదని తెలిస్తే బడి మానిపించేస్తారని భయపడింది. బుర్రలో లోటేం లేదు. అక్షరాల్ని కూడబలుక్కోడంలో ఇబ్బంది. డిస్లెక్సియా అంటారు." వాచకం మూస్తూ అంది, "మార్చిలో ప్రశ్నపత్రం ఇస్తారు. దాన్ని ముందుగా గొంతెత్తి సదివేవాళ్ళు ఎవరూ ఉండరు."

బళ్ళో రాతపరీక్షల్లో ప్రశ్నలు మేమే పైకి చదివేవాళ్ళం, అయినా ఆ పిల్ల జవాబులు గజిబిజిగా ఉండేవి. రాత బాగోదు, అంతే అనుకుని మార్కులు వేసేవాళ్ళం. లెక్కల మాస్టారూ అంతే, నేనూ అంతే. బళ్ళో అందరం కలిసి ఆ పిల్లని దాటించుకుంటూ పదో తరగతి దాకా తెచ్చాం.

దారి ఉంది. శ్రీకాకుళంలో డాక్టర్లు పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇస్తే పరీక్షలో అదనపు సమయం, ప్రశ్నలు చదివి జవాబులు రాసిపెట్టే మనిషి దొరుకుతారు. దరఖాస్తు డిసెంబరులోగా వెళ్ళాలి. తల్లి ఒప్పుకోవాలి. హెడ్మాస్టరు మొదట గొణిగాడు, "బహుమతి వచ్చిన పిల్లకి సర్టిఫికెట్ ఏంటండీ, నవ్వుతారు" అని. మేడమ్ ఆయన్ని రెండు రోజుల్లో దారికి తెచ్చింది. సింహాచలం మాత్రం కదల్లేదు.

మేడమ్ రెండుసార్లు మళ్ళలోకి వెళ్ళి, రెండుసార్లూ బురద కాళ్ళతో తిరిగొచ్చింది. కూతుర్ని మా వైపు గుంట అంటారు. సింహాచలం అన్నదిట, "నా గుంట అందరికంటే బాగా సదువుతాదని మాస్టారు పదిమందిలో సెప్పినారు. డబ్బా ఇచ్చినారు. ఇప్పుడు నువ్వొచ్చి పిచ్చిదని కాయితం రాయిస్తానంటే ఎలగ రాయిస్తాను?"

"ఆవిడకి అడ్డంగా ఉన్నది నేను కాదు మాస్టారూ, మీ టిఫిను డబ్బా" అంది మేడమ్, కాళ్ళు కడుక్కుంటూ. "మీరెళ్ళి సెప్పాలి."

వారం రోజులు వెళ్ళలేదు. ఒకరోజు జ్వరం అన్నాను. ఒకరోజు పేపర్లు దిద్దాలన్నాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో నాది తప్పు అని ఏ తల్లి దగ్గరా చెప్పలేదు. మేడమ్ మళ్ళీ అడగలేదు. శుక్రవారం సాయంత్రం నా కుర్చీ పక్కన తన గొడుగు పెట్టి వెళ్ళిపోయింది. ఎండ ఎక్కువగా ఉంది, మళ్ళలో నీడుండదు. ఆవిడ చెప్పదల్చుకున్నది అదే.

మర్నాడు వెళ్ళాను. వానలు వెనకబట్టి, మళ్ళు సిద్ధం చేసే రోజులు. ఆడవాళ్ళు వరసగా బురద తొక్కి నేల గట్టి చేస్తున్నారు. సింహాచలం నన్ను చూసి గట్టెక్కి వచ్చింది.

"ఏటి బాబూ, మీరొచ్చినారు? కబురంపితే నానే వద్దును కదా."

"సింహాచలం, గౌరికి చదవడం రాదు. నేను చదివింది విని అప్పజెబుతోంది. నేను కనిపెట్టలేదు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. మిగతా ఆడవాళ్ళు తొక్కడం ఆపారు.

"మరి డబ్బా ఏల ఇచ్చినారు?"

"నా గొంతు నాకే వినపడితే మురిసిపోయాను. అందుకిచ్చాను."

"అయితే తప్పు మీదా, నా గుంటదా?"

"నాది."

కొంగుతో మొహం తుడుచుకుని గట్టుమీద కూచుంది. నాకు ఏదో ఒకటి చెప్పాలనిపించింది, సర్దిచెప్పాలనిపించింది. ఆ రోజు మాత్రం నోరు మూసుకుని లెక్కపెట్టాను. పద్నాలుగు దగ్గర ఆవిడ నోరు విప్పింది.

"నాకూ ఇలగే బాబూ. మూడో తరగతిలో అచ్చరాలు నిలబడీవి కావు. ఒకటి సూస్తే ఒకటి కనబడీది. మాస్టారు కొట్టినారు. బడి వొగ్గేసినాను. నాకు బుర్ర లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను." ఇటు తిరిగి అడిగింది, "నాకూ ఇదేనేటి?"

"అయి ఉండొచ్చు. నాకు తెలీదు. మేడమ్‌ని అడుగుదాం."

"ఎక్కడ ఏలిముద్రెయ్యాలో సెప్పండి. నా గుంట నాలాగ మళ్ళలోకి రాకూడదు."

సోమవారం శ్రీకాకుళం బస్సులో నలుగురం వెళ్ళాం. గౌరి, సింహాచలం, మేడమ్, నేను. గౌరి కిటికీ పక్కన కూచుని నా వైపు చూడలేదు. దిగే ముందు నా దగ్గరకొచ్చి, "సార్, మీరు కొడతారనుకున్నాను" అంది. చొక్కా జేబులోంచి వేరుశనగపప్పు ఉండ తీసి చేతిలో పెట్టాను.

అక్కణ్ణించి శనివారాల వరండా మొదలయింది. మధ్యాహ్నం పిల్లల భోజనాలయ్యాక, మేడమ్ ఆ పూట బడి ముగించుకుని రాగానే, అందరం నేల మీద కూచునేవాళ్ళం. లెక్కల మాస్టారు, నేను, సింహాచలం, హెడ్మాస్టరు. గౌరి కూడా. పిల్ల లేకుండా పిల్ల గురించి మాట్లాడకూడదని మేడమ్ పట్టు. ఎవరి వారం పని వాళ్ళది. లెక్కల మాస్టారు లెక్కను నోటితో చెప్పి నోటితోనే జవాబు రాబట్టాలి. హెడ్మాస్టరు దరఖాస్తు వెంట పడాలి. సింహాచలం రాత్రి అన్నం దగ్గర గౌరి చేత ఆ రోజు పాఠం కథలా చెప్పించుకోవాలి. నేను పాఠాలన్నీ ఫోనులో చదివి పెట్టాలి.

"ఏ గొంతు అడ్డం పడిందో ఆ గొంతే ఇప్పుడు పనికొస్తాది" అంది మేడమ్, వరండా అంతా వినపడేట్టు. లెక్కల మాస్టారు నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది, కానీ ఇంటికెళ్ళి ఆ రాత్రే మూడు పాఠాలు చదివాను.

వాటితోపాటు రోజుకు పావుగంట, గౌరి చేతిలో శుభలేఖ అట్ట. ఎవరి పెళ్ళిదో, అంచున పెళ్ళికొడుకు పేరులో సగం మిగిలింది. ఒక్క లైను. ఒక్కో మాట. ముందు కన్నీళ్ళు, తర్వాత విసుగు, సంక్రాంతి దాటాక ఒకరోజు నాలుగు లైన్లు. బాగా చదివే పిల్ల అని నేను పేరు పెట్టిన పిల్ల, నత్తినత్తిగా, మాటమాటకీ ఆగి చదివింది. వింటుంటే నాకు చెమటలు పట్టాయి. మేడమ్ మాత్రం గొడుగు పిడి మీద గడ్డం ఆనించి, కచేరీ వింటున్నట్టు కళ్ళు మూసుకుంది.

గౌరి పాసయింది. ఐటిఐలో కరెంటు పని నేర్చుకుంది. ఇప్పుడు టెక్కలిలో మోటార్లు బాగుచేసే దుకాణంలో ఉంది. మేడమ్ ఇంకో పిల్లని వెతుక్కుంది, మేం ఇంకో శనివారం కూచున్నాం. నేను రిటైరయ్యాక కూడా శుభలేఖలు పట్టుకెళ్ళి ఇస్తూనే ఉన్నాను. పోయిన నెల ఆవిడకు జ్వరం అన్నారు. చూసి వద్దామనుకునేలోగా అయిపోయింది.

ఆదివారం బడి వరండాలో సంతాపసభ పెట్టారు. మేం ఎప్పుడూ కూచునే చోటే. కొత్త హెడ్మాస్టరు తీర్మానం టైపు చేయించి తెచ్చి, తెలుగు మాస్టారు చదువుతారని నా చేతికివ్వబోయాడు. కింద కూచున్న వాళ్ళలోంచి గౌరి లేచింది.

"నేను సదువుతాను సార్."

కాయితం ఇచ్చేశాను. ఆ పిల్ల హ్యాండుబ్యాగులోంచి పాత అట్ట తీసింది. అంచులు నలిగి, మధ్యలో చెమట మరకలు. పెళ్ళికొడుకు పేరులో ఆ సగం ఇంకా ఉంది. కాయితం మీద పెట్టి మొదలుపెట్టింది. నెమ్మదిగా, ఆగుతూ. రెండో లైనులో మేడమ్ పూర్తి పేరు వచ్చింది, ఇంటిపేరుతో సహా. మేడమ్ అన్న మాట తప్ప ఆ పిల్ల ఆవిణ్ణి వేరే పేరుతో ఎరగదు. అక్కడ ఆగిపోయింది.

కొత్త హెడ్మాస్టరు అందించడానికి ముందుకు వంగాడు. చాప మీంచి సింహాచలం చెయ్యెత్తింది.

"ఉండండి బాబూ. అది సదువుతాది."

ఆయన వెనక్కి తగ్గాడు. నాకు ఆ పేరు తెలుసు. నాలిక చివర ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఆరు దాటాను. పది దాటాను. గౌరి వేలు కిటికీ అంచు మీద ఒక్కో అక్షరం జరుగుతోంది. పదిహేడు దగ్గర ఆ పేరు పలికింది. ఒక్క అక్షరం తప్పలేదు, ఎవరి గొంతూ కాదు, తన గొంతుతోనే.

అందుకే ఆ పేరు నేనిక్కడ రాయను. రాస్తే అందించినట్టవుతుంది.